జులూలో అడిగితే చెప్పేసింది

మా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పోయిన నెల ఒక పోస్టర్ వచ్చింది. ఆఫ్రికాలో సైబర్ సెక్యూరిటీ, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ మీద అంతర్జాతీయ సదస్సు, స్టూడెంట్స్ కూడా పేపర్లు పంపొచ్చు అని. ఐదు నిమిషాల్లో ముప్పై రిప్లైలు. ఒక్కటి కూడా పేపర్ గురించి కాదు. "నైజీరియా యువరాజు గారు కీనోట్ ఇస్తారంట్రా" అని ఒకడు. "రిజిస్ట్రేషన్ ఫీజు కడితే పది మిలియన్ డాలర్లు వాపసు" అని ఇంకొకడు. నేనూ ఒక నవ్వుతున్న ఎమోజీ పెట్టాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ జోక్ వెనక ఉన్న కథ మనందరికీ తెలుసు. ఆస్తి ఇరుక్కుపోయిన యువరాజు, సాయం చేస్తే వాటా ఇస్తానంటూ ఈమెయిల్. నైజీరియా క్రిమినల్ కోడ్‌లో ఇలాంటి మోసాల సెక్షన్ నంబర్ 419. అందుకే ఆ మెయిల్స్‌ని ప్రపంచమంతా "419" అంటుంది. 2024 దాకా మనకి అమల్లో ఉన్న ఐపీసీలో మోసం సెక్షన్ ఎంత? 420. వాళ్లదీ మనదీ పక్కపక్క నంబర్లే. జామ్‌తారా పేరు చెప్పి ప్రపంచం మన మీద జోకులేస్తే మనకి ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

సరే, నన్ను ఈ వ్యాసం రాయించింది ఆ జోక్ కాదు. మినీ ప్రాజెక్ట్ టాపిక్ కోసం వెతుకుతుంటే కనిపించిన ఒక రీసెర్చ్ పేపర్.

2023లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు ఒక చిన్న ప్రయోగం చేశారు. జీపీటీ-4ని ఇంగ్లిష్‌లో ప్రమాదకరమైన ప్రశ్నలు అడిగితే "క్షమించండి, ఇందులో నేను సాయం చేయలేను" అంటుంది కదా. వాళ్లు అలాంటి 520 ప్రశ్నలు తీసుకుని, గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో వేరే భాషల్లోకి మార్చి అడిగారు. హ్యాకింగ్ టూల్స్ ఏమీ లేవు, కోడ్‌లో లొసుగు వెతకలేదు. భాష మార్చారు, అంతే. ఇంగ్లిష్‌లో ఒక శాతం కూడా పని చేయని ఎత్తు జులూలో సగానికి పైగా సార్లు పని చేసింది. జులూ, స్కాట్స్ గేలిక్, మోంగ్, గ్వారానీ, ఈ నాలుగింటిలో ఏదో ఒక దానిలో లొంగితే చాలనుకుని లెక్కేస్తే 79 శాతం. ఇంగ్లిష్‌లో నోరు విప్పనిది జులూలో అడిగితే చెప్పేసింది.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. మోడల్‌కి మొదట ఇంటర్నెట్‌లో దొరికిందంతా చదివిస్తారు. ఆ కుప్పలో జులూ కూడా కొంచెం ఉంటుంది కాబట్టి ప్రశ్న దానికి అర్థమవుతుంది. తర్వాత "ఇది చెప్పొచ్చు, అది చెప్పకూడదు" అని విడిగా ట్రైనింగ్ ఇస్తారు. ఆ ట్రైనింగ్ ఎక్కువగా ఇంగ్లిష్‌లో జరుగుతుంది. అంటే భాష వచ్చింది కానీ బుద్ధి ఆ భాషలోకి రాలేదు. వీధి తలుపుకి రెండు తాళాలేసి పెరటి తలుపు బార్లా తెరిచి పెట్టినట్టు.

జులూ ఎక్కడో మారుమూల నలుగురు మాట్లాడే భాష అనుకోకండి. దక్షిణాఫ్రికాలో ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా మాట్లాడేది అదే. దేశంలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరి ఇంటి భాష. అయినా టెక్నాలజీ లెక్కలో దాని పేరు "లో రిసోర్స్".

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. సైబర్ సెక్యూరిటీనీ ఏఐనీ ఒకే పోస్టర్ మీద పెడితే మనకి రెండు ఫ్యాషన్ మాటల్ని కలిపి కుట్టినట్టు అనిపిస్తుంది. కానీ ఆఫ్రికాలో ఆ రెండూ నిజంగానే ఒకే సమస్య. ఆ రెండింటినీ కలిపే ముడి భాష. ఆ సదస్సు అక్కడే జరగాలి, మనలాంటి వాళ్లు దాన్ని చదవాలి. ఎందుకంటే ఆ సమస్య మనది కూడా.

ముందు అక్కడ ఏం ప్రమాదంలో ఉందో చూద్దాం. ఆఫ్రికా అంటే టెక్నాలజీ ఇంకా చేరని చోటు అనే ఊహ మనలో చాలామందికి ఉంది. కెన్యాలో ఎం-పెసా 2007లో మొదలైంది. మామూలు కీప్యాడ్ ఫోన్‌తో డబ్బు పంపడం, తీసుకోవడం. మన యూపీఐ వచ్చింది 2016లో. అంటే మన కన్నా తొమ్మిదేళ్ల ముందే నైరోబీ కూరగాయల అమ్మకందారు ఫోన్లో డబ్బు తీసుకుంది. స్వాహిలీలో "పెసా" అంటే డబ్బు. మన పైసా గుర్తొచ్చిందా?

అంతా ఫోన్లోకి వచ్చాక దెబ్బ కూడా అక్కడే తగులుతుంది. 2023 జూలైలో కెన్యా ప్రభుత్వ సేవల పోర్టల్ ఈ-సిటిజన్ మీద దాడి జరిగింది. పాస్‌పోర్టు, వీసా, డ్రైవింగ్ లైసెన్స్ సేవలు ఆగాయి, మొబైల్ డబ్బు చెల్లింపులకీ ఇబ్బంది అయింది. 2021 జూలైలో దక్షిణాఫ్రికా పోర్టులు, రైల్వే సరుకు రవాణా చూసే ట్రాన్స్‌నెట్ మీద దాడి జరిగితే డర్బన్ లాంటి రేవుల్లో కంటైనర్ల పని స్తంభించిపోయింది. 2024 జూన్‌లో అదే దేశపు ప్రభుత్వ ల్యాబొరేటరీల వ్యవస్థ మీద రాన్సమ్‌వేర్ పడింది. రక్త పరీక్ష రిపోర్టులు సిస్టమ్‌లో డాక్టర్లకి చేరడం ఆగిపోతే, అర్జెంటువి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. సైబర్ సెక్యూరిటీ అంటే మనకి హుడీ వేసుకున్న హ్యాకర్ బొమ్మ గుర్తొస్తుంది. అక్కడ అది రిపోర్టు కోసం ఎదురు చూస్తున్న పేషెంట్.

ఇవి పెద్ద దాడులు, వార్తల్లోకి వస్తాయి. రానివి ఎక్కువ. దానికి ఉదాహరణ కోసం నేను ఆఫ్రికా దాకా వెళ్లక్కర్లేదు. నిరుడు మా అమ్మమ్మకి ఒక ఫోన్ వచ్చింది. "అమ్మా బాగున్నారా, భోజనం అయిందా, మీ పింఛను ఈ నెల నుంచి ఆగిపోతుందమ్మా, కేవైసీ అవ్వలేదు" అని. మంచి తెలుగు, మంచి మర్యాద. ఆవిడ ఓటీపీ చెప్పేసింది. రెండు నెలల పింఛను డబ్బు పోయింది. తర్వాత ఆవిడ ఫోన్ చూస్తే, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. అన్నీ ఇంగ్లిష్‌లో. ఆవిడ ఒక్కటీ తెరవలేదు, తెరిచినా లాభం లేదు. దొంగకి తెలుగు వచ్చు. బ్యాంకుకి రాదు.

ఇప్పుడు ఇందులోకి ఏఐ వచ్చింది. ఇంతకు ముందు మోసగాడికి ఒక అడ్డు ఉండేది. జులూలోనో, యొరుబాలోనో, తెలుగులోనో మోసం చేయాలంటే ఆ భాష వచ్చిన మనిషి కావాలి. ఇప్పుడు మెసేజ్ రాయడానికి మోడల్ ఉంది, గొంతు కాపీ కొట్టడానికి ఇంకో మోడల్ ఉంది. దాడి చేసేవాడికి భాష అడ్డు తగ్గింది. కాపాడే వైపు మాత్రం స్పామ్ ఫిల్టర్లు, హెచ్చరికలు, సేఫ్టీ ట్రైనింగ్ అన్నీ ఇంకా ఇంగ్లిష్‌నే పట్టుకుని ఉన్నాయి. మా సెక్యూరిటీ సిలబస్‌లో పోర్టులు, ప్రొటోకాల్స్, ఎన్‌క్రిప్షన్ ఉన్నాయి. భాష అనే మాట ఎక్కడా లేదు. నా దృష్టిలో అదే పెద్ద ఓపెన్ పోర్ట్.

భాషే కాదు, ముఖం కూడా. 2018లో జాయ్ బువొలమ్విని, టిమ్నిట్ గెబ్రూ "జెండర్ షేడ్స్" అనే అధ్యయనం చేశారు. ఫొటో చూసి ఆడా మగా చెప్పే కమర్షియల్ సాఫ్ట్‌వేర్‌లని పరీక్షించడానికి రువాండా, సెనెగల్, దక్షిణాఫ్రికా పార్లమెంటు సభ్యుల ఫొటోలూ, ఐస్‌లాండ్, ఫిన్లాండ్, స్వీడన్ సభ్యుల ఫొటోలూ తీసుకున్నారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్లని ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం వరకు వెళ్లాయి. ముఖం చూపించి అకౌంట్ తెరిచే రోజుల్లో ఇది న్యాయం గురించిన ప్రశ్న మాత్రమే కాదు, సెక్యూరిటీ ప్రశ్న కూడా. మూడో వంతు సార్లు తడబడే కాపలావాడిని మీ ఇంటికి పెట్టుకుంటారా?

ఇంకో విషయం నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. చాట్‌జీపీటీ ఇంగ్లిష్‌లో అంత మర్యాదగా ఉండటానికి వెనక మనుషులున్నారు. విషపూరితమైన రాతల్ని గుర్తించడం దానికి నేర్పడానికి, అలాంటి రాతల్ని చదివి లేబుల్ వేసే పని కెన్యాలో జరిగిందని టైమ్ పత్రిక 2023 జనవరిలో బయటపెట్టింది. హింస, లైంగిక దాడుల వర్ణనలు రోజంతా చదివినందుకు వాళ్ల చేతికి వచ్చింది గంటకి రెండు డాలర్ల లోపే. ఆ ఏడాది మే నెలలో ఇలాంటి పనులు చేసే 150 మందికి పైగా నైరోబీలో కలిసి యూనియన్ పెట్టుకోవాలని తీర్మానించారు. ఇప్పుడు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లిష్‌కి కాపలా కట్టింది ఆఫ్రికా మనుషులు. ఆ కాపలా ఆఫ్రికా భాష అయిన జులూలో పని చేయలేదు. గోడ కట్టిన కూలీ ఇల్లు గోడకి బయట ఉండిపోయింది.

"సరే, సమస్య ఉంది. సదస్సు పెడితే తీరిపోతుందా? టీ, బిస్కెట్, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. అంతేగా" అని మా రూమ్మేట్ అడిగాడు. వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. నిజాలు దాచకుండా చెప్తాను.

ఆఫ్రికన్ యూనియన్ దేశాలు 2014 జూన్‌లో ఈక్వటోరియల్ గినీలోని మలాబోలో సైబర్ సెక్యూరిటీ, వ్యక్తిగత డేటా రక్షణ మీద ఒక ఒప్పందం ఆమోదించాయి. 55 దేశాల యూనియన్. అందులో 15 దేశాలు ధ్రువీకరిస్తే చాలు, అమల్లోకి వస్తుంది. ఆ 15 పూర్తవ్వడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 2023 జూన్ 8న అమల్లోకి వచ్చింది. ఈ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పేపర్ వచ్చింది, చాట్‌జీపీటీ వచ్చింది, ప్రపంచమే మారిపోయింది. 2025 ఏప్రిల్‌లో రువాండా రాజధాని కిగాలీలో ఆఫ్రికా ఏఐ మీద పెద్ద శిఖరాగ్ర సదస్సు జరిగింది. 60 బిలియన్ డాలర్ల నిధి ప్రకటించారు. ప్రకటన వేరు, డబ్బు చేతికి రావడం వేరు అని మన రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురు చూసిన ఎవరికైనా నేను వివరించక్కర్లేదు.

ఇంకా విడ్డూరం ఒకటుంది. ఆడిస్ అబాబాలో ఆఫ్రికన్ యూనియన్ ప్రధాన కార్యాలయాన్ని చైనా కట్టించి ఇచ్చింది, 2012లో ప్రారంభమైంది. ఆ భవనం కంప్యూటర్లలోని డేటా అయిదేళ్ల పాటు రోజూ అర్ధరాత్రి షాంఘైలోని సర్వర్లకి వెళ్లిందని ఫ్రెంచ్ పత్రిక లె మోండ్ 2018 జనవరిలో రాసింది. చైనా కాదంది, ఆఫ్రికన్ యూనియన్ నాయకత్వం కూడా కొట్టిపారేసింది. ఎవరి మాట నిజమైనా ఒక పాఠం మాత్రం మిగులుతుంది. భవనం, వైర్లు, సర్వర్లు, మోడల్ అన్నీ వేరేవాళ్లు ఇచ్చినప్పుడు, మన రహస్యం మన దగ్గరే ఉందని మనమే రుజువు చేసుకోలేం.

ప్రభుత్వాల సంగతీ చెప్పాలి. 2021 జనవరిలో ఉగాండా ఎన్నికల ముందు రోజు మొత్తం దేశానికి ఇంటర్నెట్ తీసేశారు, కొన్ని రోజుల వరకు తిరిగి రాలేదు. కారణంగా చెప్పింది భద్రత. మన దేశంలో కూడా నెట్ ఆపేయడం కొత్త కాదు. అందుకే సైబర్ సెక్యూరిటీ సదస్సు అంటే మంత్రులు, సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు మాత్రమే కూర్చుంటే నాకు భయమే. ఎవరి భద్రత అని అడిగేవాళ్లు ఆ గదిలో ఉండాలి.

ఆ గదిలో ఎవరుంటారన్నది ఆ గది ఎక్కడ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. నా రూమ్మేట్‌కి నా అసలు జవాబు ఇదే.

2018లో ఏఐలో పెద్ద సదస్సుల్లో ఒకటైన న్యూరిప్స్ కెనడాలోని మాంట్రియల్‌లో జరిగింది. పేపర్ సెలెక్ట్ అయిన ఆఫ్రికా పరిశోధకుల్లో చాలామందికి వీసా రాలేదు. పేపర్ వెళ్లింది, మనిషి వెళ్లలేదు. ఈ బాధ మనకి బాగా అర్థమవ్వాలి. చిలుకూరు బాలాజీని "వీసా బాలాజీ" చేసుకుని పదకొండు ప్రదక్షిణలు చేసే జనం మనం. ఆ గొడవ తర్వాత ఐసీఎల్ఆర్ అనే ఇంకో పెద్ద సదస్సుని 2020లో ఆడిస్ అబాబాలో పెట్టాలనుకున్నారు. కోవిడ్ వచ్చి ఆన్‌లైన్ అయిపోయింది. చివరికి 2023 మేలో కిగాలీలో జరిగింది. రువాండా 2018 నుంచి ఏ దేశం వాళ్లకైనా విమానం దిగాక వీసా ఇస్తోంది. అందరూ రాగలిగే చోట పెట్టారు, అందరూ వచ్చారు. ప్రదక్షిణలు అక్కర్లేదు.

ఇలాంటి కలయికల వల్ల ఏమొచ్చిందో కూడా చెప్తాను. 2017లో జొహానెస్‌బర్గ్‌లో "డీప్ లెర్నింగ్ ఇండాబా" మొదలైంది. ఇండాబా అంటే జులూలో పెద్దలు కూర్చుని మాట్లాడుకునే సభ, మన రచ్చబండ అనుకోవచ్చు. అప్పటి నుంచి స్టెలెన్‌బాష్, నైరోబీ, ట్యూనిస్, అక్రా, డకార్ ఇలా ఊరూరా తిరుగుతోంది. ఆ స్నేహాల్లోంచి "మసఖానె" అనే బృందం వచ్చింది. జులూలో దాని అర్థం "కలిసి కడదాం". ఖండమంతా ఉన్న స్టూడెంట్స్, టీచర్లు, అనువాదకులు తమ భాషలకి తామే డేటాసెట్లు చేసుకున్నారు. పది ఆఫ్రికా భాషల్లో మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, సంస్థల పేర్లు గుర్తించే డేటాసెట్ 2021లో ఇచ్చారు. భాష మాట్లాడేవాడు డేటా ఇచ్చేవాడిగా మిగిలిపోకుండా పరిశోధకుడు కావాలన్నది వాళ్ల పట్టుదల.

ఇప్పుడు నాకు సిగ్గేసిన లెక్క. మొజిల్లా వాళ్ల "కామన్ వాయిస్"లో ఎవరైనా తమ భాషలో వాక్యాలు చదివి గొంతు దానం చేయొచ్చు. రువాండా భాష కిన్యరువాండాలో 2,000 గంటలకి పైగా రికార్డింగ్ ఉంది. ఆ దేశం జనాభా మన హైదరాబాద్ నగరం కన్నా మరీ ఎక్కువేమీ కాదు. తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 2011 జనగణన ప్రకారమే 8 కోట్ల పైన. అదే కామన్ వాయిస్‌లో తెలుగు, కిన్యరువాండా దరిదాపుల్లో కూడా లేదు. మనకి అసలేమీ లేదనడం లేదు. ఐఐటీ మద్రాస్‌లో ఏఐ4భారత్ పని చేస్తోంది, కేంద్రం భాషిణి నడుపుతోంది. కానీ అవి వాళ్లు చేస్తున్నవి. మనం, అంటే తెలుగు వచ్చిన ఇన్ని వేల మంది సీఎస్ఈ స్టూడెంట్స్, ఏం చేశామన్నది నా ప్రశ్న.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఈ వ్యాసంలో ఒత్తులు, దీర్ఘాలు మా ఎడిటర్ అక్క దిద్దింది. తెలుగు అంటే నాకు ఇంట్లో మాట, సినిమా పాట, ఈ క్లబ్. కోడ్ అంటే ఇంగ్లిష్. ఈ రెండూ కలుస్తాయని నాకు తోచలేదు. లిటరరీ క్లబ్‌కి రావడం హాబీ, సెక్యూరిటీ చదవడం కెరీర్ అనుకున్నాను. ఆ జులూ పేపర్ చదివాక, అమ్మమ్మ ఫోన్ గుర్తొచ్చాక, ఆ గీత చెరిగిపోయింది. తెలుగులో మంచి డేటా లేకపోవడం సాహిత్యానికి లోటు మాత్రమే కాదు. అది తాళం లేని తలుపు. దాని లోపల మన అమ్మమ్మలు ఉన్నారు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. ఒకటి, సెలవులకి ఊరెళ్లినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకి వచ్చిన మోసపు కాల్స్, మెసేజ్‌లు వాళ్ల మాటల్లోనే రాసుకుని రండి. శ్రీకాకుళంలో ఒకలా, కడపలో ఒకలా, వరంగల్‌లో ఒకలా మాట్లాడతారు, మోసగాడు కూడా అలాగే మాట్లాడతాడు. ఫోన్ నంబర్లు, పేర్లు తీసేసి రాద్దాం. రెండు, బ్యాంకుల ఇంగ్లిష్ హెచ్చరికల్ని అమ్మమ్మకి అర్థమయ్యే తెలుగులోకి మారుద్దాం. "ధ్రువీకరణ సంకేతం" అని కాదు, "ఫోన్లో వచ్చిన ఆరు అంకెలు ఎవరికీ చెప్పకమ్మా" అని. దీనికి కోడింగ్ అక్కర్లేదు, ఈ క్లబ్ వాళ్లు చాలు. మూడు, చాట్‌బాట్లు తెలుగులో ఎక్కడ జారిపోతున్నాయో జాగ్రత్తగా పరీక్షించి, దొరికిన లొసుగు ముందు ఆ కంపెనీకే చెబుదాం. బ్రౌన్ వాళ్లు పేపర్ బయటపెట్టే ముందు అదే చేశారు.

ఇవన్నీ చేశాక వచ్చినదాన్ని పేపర్‌గా రాసి పంపడానికి నాకైతే ఆ పోస్టర్‌లో ఉన్న సదస్సే సరైన చోటు అనిపిస్తోంది. అక్కడ కూర్చునేవాళ్లకి "లో రిసోర్స్" అంటే ఏంటో స్లైడ్ వేసి వివరించక్కర్లేదు. మన పేపర్ సెలెక్ట్ అవుతుందో లేదో తర్వాత సంగతి. నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ మొదలుపెట్టాం. మొదటి ఎంట్రీ మా అమ్మమ్మదే. ఆవిడ ఆ కాల్ మొత్తం మాట మాట గుర్తు పెట్టుకుంది, మర్చిపోలేకపోతోంది పాపం.

ఇది రాసే ముందు గ్రూప్‌లోకి వెళ్లి ఆ రోజు పెట్టిన ఎమోజీ తీసేద్దామని చూశాను. కానీ దాని కింద ఇంకో పదిమంది నవ్వులున్నాయి. నాది ఒక్కటి తీస్తే ఎవరికీ తెలీదు. అందుకే తీయలేదు. దాని కిందే ఈ వ్యాసం లింక్ పెడుతున్నాను.